బోణీ వేళ అనకూడని మాట

మా పురుగుమందుల షాపు బోర్డు మీద మా మామగారి తండ్రిగారి పేరుంటుంది. గల్లాపెట్టె దగ్గర మామగారు కూర్చుంటారు. లోపల లక్ష్మీదేవి పటం పక్కన ఫ్రేము కట్టించి వేలాడదీసిన లైసెన్సు మీద మాత్రం నా పేరు ఉంటుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. పురుగుమందులు అమ్మే చోట సైన్సు డిగ్రీ ఉన్న మనిషి ఉండాలని రూలు వచ్చినప్పుడు మా ఇంట్లో ఆ డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే. మామగారిది పాత ఎస్సెల్సీ. మావారు బీకాం, ఎరువుల గోడౌన్ చూసుకుంటారు. నేను కెమిస్ట్రీ బీఎస్సీ. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ డిగ్రీ బీరువాలో పట్టుచీరల కింద పడుంది. ఒకరోజు మామగారు, "అమ్మాయ్, ఆ కాయితం ఓసారి పైకి తియ్యమ్మా" అన్నారు. తీశాను. అలా లైసెన్సుదారునయ్యాను. పేరు నాది, పెత్తనం ఆయనది.

లైసెన్సు వచ్చాక తెలిసిన సంగతేమిటంటే, అది ఉంటే చాలదట, శిక్షణకి కూడా వెళుతూ ఉండాలట. ఒకసారి వెళ్లొస్తే తీరిపోయేది కూడా కాదు. కొత్త మందులు వస్తుంటాయి, పాతవి నిషేధిస్తుంటారు, అందుకని మళ్లీ మళ్లీ రమ్మంటారు. అదీ ఆదివారాలు. ఆదివారం షాపుకి సెలవు కనక ఆ రోజు మీకు ఖాళీయే కదా అన్నారు అక్కడ ఒక ఆఫీసరుగారు. ఆదివారం ఖాళీగా ఉండే ఆడమనిషిని ఆయన ఎక్కడ చూశారో నాకు తెలియదు. పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ పెసరట్లు వేసి, మధ్యాహ్నానికి పప్పూ కూరా చేసి గిన్నెల మీద మూతలు పెట్టి, నిడదవోలు స్టేషనుకి పరిగెత్తి రాజమండ్రి బండి పట్టుకునేదాన్ని. బండి గోదావరి బ్రిడ్జి మీదకి వచ్చేసరికి అందరూ దణ్ణాలు పెట్టుకునేవారు. నేను ఇవాళైనా ఆ హాల్లో కరెంటు పోకుండా చూడు తల్లీ అని మొక్కుకునేదాన్ని.

అయినా వెళ్లేదాన్ని. ఫ్రేములో నా పేరు ఉండటం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఒక మనిషి. మా ఊళ్లో కూలికి చేలల్లో మందు కొట్టే ఆయన ఒకడున్నాడు. చుట్టుపక్కల ఏ రైతుకి పురుగు పడినా ఆయన్నే పిలుస్తారు. డబ్బాలన్నీ మా షాపులోనే కొంటాడు. చేతికి తొడుగుండదు, ముక్కుకి గుడ్డ ఉండదు. బక్కెట్లో మందు పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతాడు. పంపు నాజిల్‌లో నలక అడ్డుపడితే నోటితో ఊదుతాడు. అదే చేత్తో చేను గట్టు మీద చద్దన్నం తింటాడు. ఈ మనిషి ఏదో ఒకరోజు మేము అమ్మిన డబ్బాతోనే పోతాడని నా భయం. భయం అనడం కూడా తక్కువే. ఆయన షాపు మెట్లెక్కుతుంటేనే నేను గ్లౌజుల జత తీసి చేతిలో పట్టుకునేదాన్ని.

"ఈ గ్లౌజులు తొడుక్కుంటే నీ సొమ్మేం పోయిందయ్యా? ఊరికే ఇస్తున్నాను కదా!" అనేదాన్ని.

"అయ్యబాబోయ్, అవేసుకుంటే మూత జారిపోద్దండి అమ్మగారండి. చేత్తో కలిపితేనేనండి, కలిసిందో లేదో తెలిసేది."

"ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోతే?"

"మీసాలు రానప్పట్నించీ కొడతన్నానండి. పురుగులు చచ్చాయి గానీ, నేను చచ్చానా అండి?" అని నవ్వేవాడు.

చచ్చాక ఎలా చెబుతావు నాయనా అని నోటిదాకా వచ్చేది. మామగారు దగ్గేవారు. ఆ దగ్గుకి అర్థం, ఖాతాదారుతో వాదన పెట్టుకోకు అని.

శిక్షణ విషయానికొస్తే, దాని గురించి చెప్పడం మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది. మొదట జ్యోతి ప్రజ్వలన. ఫ్యాన్ల గాలికి దీపం వెలగదు, ఫ్యాన్లు ఆపితే జనం ఊరుకోరు. ఆ దీపం వెలిగేసరికి అరగంట. తర్వాత వేదిక మీద ఉన్నవాళ్లందరికీ శాలువాలు, అదీ ఎండాకాలంలో. ఆ తర్వాత ఒక యువకుడు గోడ మీద ఇంగ్లీషు పలకలు వేసి వాటిని ఇంగ్లీషులోనే చదివేవాడు. ఒకసారి మా వెనక వరసలో తణుకు వైపు షాపాయన లేచి, "బాబూ, మాకు చదవడం వచ్చండి, అర్థం చెప్పండి" అంటే, "టైము లేదండి, ఇంకా చాలా స్లైడ్లున్నాయి" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం గుత్తొంకాయ కూర మాత్రం బాగుంది. అన్యాయంగా మాట్లాడకూడదు.

రక్షణ దుస్తుల పాఠం నాడు ఆ తణుకు ఆయన్నే ముందుకి పిలిచారు. తల నుంచి కాళ్ల దాకా ఒకే ముక్కగా ఉండే తెల్ల సూటు, దాని మీద కళ్లద్దాలు, మాస్కు, మోకాళ్ల దాకా బూట్లు, మోచేతుల దాకా గ్లౌజులు. అన్నీ తొడిగి ఆయన్ని అటూ ఇటూ తిప్పి చూపించారు. ఫొటోలు తీశారు. ఫొటో సరిగా రాలేదని మళ్లీ తీశారు. సూటు విప్పేసరికి ఆ పెద్దమనిషి ముఖం కందగడ్డయింది, గోడకి జారబడి కూర్చుని మంచినీళ్లు తాగాడు. "ఇది వేసుకుని అక్టోబరు ఎండలో వరిచేలో దిగితే పురుగుమందు కూడా అక్కర్లేదండి, ఉక్కకే పోతాడు" అన్నాడు ఊపిరి తీసుకుంటూ. అందరం నవ్వాం. అయితే మరి ఏం వేసుకోమంటారు అని నేను అడిగాను. లుంగీతో, బనీనుతో తిరిగేవాడికి సరిపడేది ఏమైనా ఉందా అన్నాను. పాఠం చెప్పేవారు సూటు మడత పెట్టుకుంటూ, "ప్రమాణం ఇదే మేడం" అన్నారు. ఆ జవాబు పట్టుకుని ఇంటికి వచ్చాను.

అన్ని ఆదివారాల్లో ఒక గంట మాత్రం వృథా కాలేదు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసి రిటైరైన డాక్టరమ్మగారు ఒకరు వచ్చారు. భోజనాల తర్వాత ఆవిడ క్లాసు పెట్టారు, అంటే సగం హాలు కునుకులో ఉంది. ఆవిడ మైకు తీసుకుని, "మీలో మందు కొట్టేవాళ్లెవరండీ?" అని అడిగారు.

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. ఒకటే నవ్వులు. "ఆదివారం కదండీ, సాయంత్రం చూసుకుంటామండి" అన్నాడొకడు. "యానాం బస్సు ఎన్నింటికండీ?" అన్నాడు ఇంకొకడు, సీసా అక్కడ చవక కనక. ఆవిడ నవ్వలేదు.

"దగ్గుకి వేసుకునేదీ మందే. సాయంత్రం తాగేదీ మందే. చేలో కొట్టేదీ మందే" అన్నారు. "మనిషి చేలో పడిపోతాడు. తూలుతాడు, వాంతులు చేసుకుంటాడు, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు మందెక్కింది అంటారు. విన్నవాళ్లు తాగాడనుకుంటారు. మజ్జిగ పట్టి పడుకోబెడతారు. మా దగ్గరికి తెచ్చేసరికి నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. మీరు కళ్లు చూడండి. కంటిపాప ఆవగింజంత అయిపోయి, నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతుంటే అది సారా కాదు. ఇంకోటి. రేపట్నుంచి మీ షాపుల్లో దాన్ని మందు అనకండి. విషం అనండి. ఎంత విషం కావాలని అడగండి. అప్పుడన్నా కొనేవాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు."

నాకు ఆ మాట సూటిగా గుచ్చుకుంది. తిరుగు బండిలో కూర్చుని అదే అనుకున్నాను. సూట్లూ స్లైడ్లూ కాదు, మాట మారిస్తే చాలు, దానికి ఖర్చు లేదు, ఉక్కపోత లేదు. రేపట్నుంచి మొదలు పెడతాను అనుకున్నాను. నేను ఎవరింటి కోడలినో ఆ సంతోషంలో మరిచిపోయాను.

మా అత్తవారిది తరతరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. మా ఇంట్లో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. షాపు మూసేశాం అనకూడదు, కట్టేశాం అనాలి. గడప దాటేవాళ్లు వెళ్తాను అనకూడదు, వస్తాను అనాలి. అడిగిన సరుకు షాపులో లేకపోతే లేదు అనడానికి వీల్లేదు, "రేపు వస్తుందండి" అనాలి, అది మళ్లీ జన్మలో రాకపోయినా సరే. ఇక బోణీ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున మొదటి బేరం అయ్యేదాకా మామగారి ముందు తుమ్మడానికి కూడా భయపడతాం.

అలాంటి షాపులో సోమవారం పొద్దున మామగారు అగరొత్తులు వెలిగించి పటాల ముందు తిప్పుతుండగా ఒక రైతు వచ్చాడు. "మొవ్వుపురుగుకి మందివ్వండమ్మా" అన్నాడు.

"విషం ఎన్ని ఎకరాలకి కావాలండి?" అన్నాను నేను.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "విషమెందుకమ్మా? నాకేం కష్టాల్లేవండీ బాబూ! వరి చేనుకేనండి!" అన్నాడు కంగారుగా.

మామగారి చేతిలో అగరొత్తులు గాలిలోనే ఆగిపోయాయి. "శ్రీహరి, శ్రీహరి! బోణీ వేళ అదేం మాటమ్మా?" అన్నారు.

"అది విషమే కదా మామయ్యగారూ. డబ్బా మీద పుర్రె బొమ్మ కూడా ఉంది."

"బొమ్మ ఉంటే ఉంది. అది వాళ్లు వేసుకున్నారు. మనం నోటితో అనాలా?"

ఈ వాదనలో ఉండగా రైతు మెల్లగా మెట్లు దిగి ఎదురు షాపులోకి వెళ్లిపోయాడు. అక్కడ ఎవరూ ఆయన్ని కష్టాలు ఉన్నాయా అని అడగలేదు. మామగారు గడప మీద నీళ్లు చల్లించి, కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. భోజనం దగ్గర మాత్రం ఒకే మాటన్నారు. "అమ్మాయ్, నీ చదువు మీద నాకు గౌరవం ఉంది. ఆ మాట మాత్రం ఈ గడప లోపల వినపడకూడదు." మావారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "పోనీ కొంచెం మెల్లగా చెప్పు" అని సలహా ఇచ్చారు. మెల్లగా అంటే విషం కాస్తా ఏమవుతుందో నాకు అర్థం కాలేదు.

ఊరంతా పాకింది. మందు కొట్టే ఆయనకి కూడా తెలిసింది. ఆ మర్నాడు మెట్లెక్కుతూనే, "అమ్మగారండి, ఇయ్యాల విషం తాజాగా దిగిందా అండి?" అని పకపకా నవ్వాడు. మామగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు ఒళ్లు మండింది. అందరి నోళ్లలోనూ పడి నలిగిన మాట ఇక ఎవరిని భయపెడుతుంది? దాంతో నేను కూడా 'జాగ్రత్తండీ', 'ఒంటి మీద పడనివ్వకండీ', 'చేతులు కడుక్కోండీ' అనే చప్పిడి మాటల్లోకి దిగాను. ఆ మాటలు బస్సులో 'చేతులు బయట పెట్టరాదు' అని రాసినట్టే ఉండేవి. ఎవరూ చదవరు.

ఆ ఏడు సార్వా వరి పొట్ట మీద, అంటే కంకి వెయ్యబోతూ ఉండగా దోమపోటు వచ్చింది. రైతుల ముఖాల్లో కళ లేదు. మందు కొట్టే ఆయనకి ఊపిరి తిరగనంత పని. ఒక చేలోంచి ఇంకో చేలోకి, వీపు మీద పంపు దింపకుండా తిరిగాడు. దోమ లొంగడం లేదని మామగారు రెండు మూడు రకాలు కలిపి కొట్టమనేవారు. కలపకూడదని శిక్షణలో చెప్పారండీ అంటే, "ఎదురు షాపువాడు నాలుగు కలిపిస్తున్నాడమ్మా. మనం ఒకటే ఇస్తే రైతు మనకి తెలియదనుకుంటాడు" అనేవారు. అందులో ఒకటి ఎర్ర గుర్తుది, అన్నిటికంటే పెద్ద ఘాటుది. ఒక శనివారం సాయంత్రం ఆ ఎర్ర గుర్తు డబ్బా తీసుకుని వెళుతున్న ఆయన చేతిలో నేను గ్లౌజుల పొట్లం పెట్టాను. మర్యాదకి పుచ్చుకున్నాడు. మర్నాడు తెల్లవారుజామునే ఎండెక్కకముందు ఒక పొలం పూర్తి చేసేయాలని చెప్పాడు.

ఆ మర్నాడు ఆదివారం. నేను చీర కట్టుకుని, బండికి టైమవుతోందని చెప్పులు వెతుక్కుంటుండగా ఆయన భార్య ఫోను చేసింది.

"అమ్మగారండి, మా ఆయనకి మందెక్కిందండి. లెగట్లేదండి."

ముందు రాత్రి వాళ్ల వీధిలో ఎవరిదో ఓణీల ఫంక్షను. యానాం నుంచి సీసాలు దిగాయని మా పనిమనిషి పొద్దున్నే చెప్పింది. నా మనసు కూడా ముందు ఆ సీసాల మీదికే పోయింది. కానీ డాక్టరమ్మగారు చెప్పిన మూడు మందులూ గుర్తొచ్చాయి.

"ఏ మందమ్మా?" అన్నాను.

"మీ కొట్లోదేనండి. చేలోంచి వచ్చి పడిపోయాడండి."

స్కూటీ వేసుకుని వెళ్లాను. వాళ్లింటి ముందు అప్పటికే జనం. ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు పక్కన కూర్చుని నాడి చూస్తున్నాడు. "ఏం లేదండి. రాత్రిది దిగలేదు. నిమ్మకాయ పిండి మజ్జిగ పట్టమన్నాను" అన్నాడు నన్ను చూసి. ఒకావిడ గ్లాసు నోటి దగ్గర పెట్టి, "తాగొద్దంటే వినరు మగాళ్లు" అని తిడుతోంది. ఆయన నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. కళ్లలోంచి నీళ్లు. ఒళ్లంతా చెమట. వేసుకున్న చొక్కా వీపు మీద పంపు కారి తడిసిపోయి, ఒంటికి అంటుకుని ఉంది. ఆ వాసన ఏ సీసాదో కాదు. రోజూ మా షాపు తలుపు తీయగానే వచ్చే వాసన.

నేను కనురెప్ప పైకెత్తి చూశాను. కంటిపాప ఆవగింజంత కూడా లేదు.

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు పూర్తిగా గుర్తు లేదు. మజ్జిగ గ్లాసు లాగి పారేశానని తర్వాత చెప్పారు. చొక్కా విప్పమన్నాను. సబ్బు తెమ్మన్నాను. బోరింగు దగ్గర ఇద్దరు పట్టుకుంటే ఒళ్లంతా రుద్ది కడిగించాను. "జ్వరం వస్తుందండి" అన్నాడు ఆర్‌ఎంపీ. "రానివ్వండి, జ్వరం రావాలంటే ముందు మనిషి ఉండాలి" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు. ఎవరో ఆటో తెచ్చారు. ఎక్కే ముందు ఇంటి చూరులో దోపి ఉన్న డబ్బాని సంచిలో వేసుకున్నాను. దాని పక్కనే నేనిచ్చిన గ్లౌజుల పొట్లం ముడి విప్పకుండా ఉంది.

ఆటో సగం దూరం వెళ్లేసరికి మామగారి ఫోను. అప్పటికే ఆయనకి కబురందింది.

"డబ్బా నువ్వెందుకు పట్టుకెళ్లావమ్మా? దాని మీద మన షాపు స్టాంపుంటుంది. ఎండదెబ్బ అని చెప్పించు. వైద్యం వాళ్లే చేస్తారు" అన్నారు.

"ఏ విషమో తెలియకుండా ఏం చేస్తారండీ?"

"మళ్లీ ఆ మాట! లైసెన్సు నీ పేరు మీదుంది తల్లీ. నీకోసమే చెబుతున్నాను" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. నేను ఫోను పెట్టేశాను. మామగారు మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం అదే మొదలు.

అప్పటిదాకా మొగుడి తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "అమ్మగారండి, మీరు ఆసుపత్రిలో ఆ మాట అనకండి. విషం అంటే తాగాడంటారండి. పోలీసులొస్తారండి. పెళ్లాంతో గొడవపడి తాగాడని నన్నంటారండి. ఇంకెవరు పిలుస్తారండి ఆయన్ని పనికి?"

"మరేమనమంటావే?" అన్నాను.

"వాంతులని చెబుదామండి."

నాకు ఆ క్షణాన ప్రపంచంలో అందరి మీదా కోపం వచ్చింది. మామగారి మీద, ఆర్‌ఎంపీ మీద, స్లైడ్లు చదివిన కుర్రాడి మీద, ఒళ్లో మనిషి పోతుంటే పరువు చూసుకుంటున్న ఈవిడ మీద. అందరికీ ఆ మనిషి బతకాలనే ఉంది. ఎందుకు చస్తున్నాడో మాత్రం ఎవరూ పైకి అనరు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు చిన్నవాడు. టార్చి వేసి కళ్లు చూశాడు. "ఏం తాగాడు?" అన్నాడు.

"తాగలేదండి. వాంతులండి" అంది ఆవిడ.

"మరి ఒంటి మీద ఏమైనా పడిందా?"

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"విషమండి. తాగింది కాదు. నిన్నా ఇవాళా చేలో కొడుతుంటే ఒంటి మీద పడింది, ఊపిరిలో పోయింది. ఇదీ దాని పేరు. మా షాపులోనే కొన్నారు. లైసెన్సు నా పేరు మీదే ఉంది" అన్నాను.

డాక్టరు డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదివాడు. విరుగుడు ఇంజెక్షను పేరు గట్టిగా చెప్పాడు. నర్సు పరిగెత్తింది. నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ గడప మీద నీళ్లు చల్లలేదు. ఆయన భార్య మాత్రం గోడ వైపు తిరిగి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పోలీసులు వచ్చిన మాట నిజమే. ఒక కానిస్టేబులు గారు కాయితాలు పట్టుకుని వచ్చి, అంతా విని, పెన్ను జేబులో పెట్టుకుంటూ, "విషం అని ఎందుకన్నారమ్మా? మందు పడిందంటే పోయేది కదా! నాకీ రాత పని తప్పేది" అన్నాడు.

మర్నాడు మామగారు బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి వెళ్లారు. ఆ ఇంజెక్షన్లకి రోగి పిచ్చిపట్టినట్టు కేకలు వేస్తాడు. సూదులు పీకేసుకోకుండా చేతులు మంచానికి గుడ్డలతో కట్టేశారు. మామగారు వెళ్లిన సమయానికి ఆయన గాలిలో లేని పంపుని పట్టుకుని కొడుతున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడట. మామగారు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని పడకకుర్చీలో కూర్చున్నారు. "నువ్వు చెప్పింది తప్పు కాదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఎవరికీ మూడు రకాలు కలిపి కొట్టమని చెప్పగా నేను వినలేదు.

మనిషి బతికాడు. అది చెప్పకుండా మిగతాది చెప్పడం బాగుండదు. కాళ్లలో పట్టు తగ్గింది, చెయ్యి వణుకుతుంది, పంపు మోయలేడు, కానీ ఉన్నాడు.

మిగతాది ఏమిటంటే, షాపు తనిఖీకి వచ్చారు. అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. శిక్షణ సర్టిఫికెట్ ఏదండీ అన్నారు. రాలేదండీ అన్నాను. ఎందుకు రాలేదంటే హాజరు చాలలేదట. ఏ రోజు చాలలేదయ్యా అని రాజమండ్రి వెళ్లి అక్కడి గుమాస్తాని అడిగితే, మందు కొట్టే ఆయన్ని నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆదివారం. ఆ రోజు పాఠం ఏమిటని అడిగాను. 'పురుగుమందుల ప్రమాదాలు, ప్రథమ చికిత్స' అట.

"ఆ రోజు నేను అదే చేస్తున్నానండి" అన్నాను.

"కావచ్చు మేడం. కానీ క్లాసులో చెయ్యలేదు కదా" అన్నాడాయన. ఎగతాళి కాదు, నిజంగానే విచారంగా అన్నాడు. "తర్వాతి బ్యాచిలో కూర్చోండి, ఏం చేస్తాం, రూలు" అన్నాడు.

కూర్చున్నాను. మళ్లీ అదే దీపం, అవే శాలువాలు, అదే ఇంగ్లీషు. అదే తెల్ల సూటు ఈసారి భీమవరం వైపు షాపాయనకి తొడిగారు. డాక్టరమ్మగారిని మాత్రం పిలవలేదు. ఆవిడ గంటకి బదులు ఒక కంపెనీ వాళ్లు వచ్చి కొత్త సరుకు గురించి చెప్పి తలా ఒక టోపీ ఇచ్చారు. చెయ్యెత్తి, "ఈ మందు ఒంటి మీద పడితే ఏం చెయ్యాలండీ?" అన్నాను. కంపెనీ కుర్రాడు నవ్వుతూ, "పడకుండా చూసుకోవాలి మేడం" అన్నాడు. చివరికి సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని కూడా మామగారు ఫ్రేము కట్టించారు.

రెండో పంట దాళ్వా నాట్లు పచ్చబడి, మొవ్వుపురుగు కనిపిస్తోందని రైతులు అనుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున షాపు అప్పుడే తీశాం. మామగారు అగరొత్తులు తిప్పుతున్నారు. నేను లోపల అరలు తుడుస్తున్నాను. మెట్ల మీద చప్పుడైతే చూశాను. ఆయన భార్య. మొగుడి పొడుగు చేతుల చొక్కా చీర మీద తొడుక్కుని ఉంది. వీపు మీద పంపు ఉంది.

"ఆయన్ని ఇంక మందు జోలికెళ్లొద్దని డాక్టరుగారన్నారు కదండి" అంది, ఎవరూ అడగకుండానే. "రైతులేమో పిలుస్తన్నారండి. పంపు ఖాళీగా పడుందండి. నేను కొడతానన్నానండి. మొవ్వుపురుగుకి ఏది పడుద్దో ఇవ్వండి."

నేను తుడిచే గుడ్డ పక్కన పడేసి ముందుకొచ్చాను. ఈలోపు మామగారు అగరొత్తులు స్టాండులో గుచ్చి, గల్లాపెట్టె వదిలి ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. అప్పటికింకా బోణీ కాలేదు.

"అమ్మా, అది విషం" అన్నారు.

ఆవిడ తల వంచుకుని పంపు పటకా భుజం మీద సర్దుకుంది.

"తెలుసండి, షావుకారుగారండి. అందుకేనండి ఆయన్ని పంపట్లేదు."

మామగారు నా వైపు తిరిగారు. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు శిక్షణలో నేర్పే ఉంటారని ఆయన నమ్మకం.